యాట పోగు – అందలి పోషకబలము

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున మాంసమును గూర్చి ప్రసంగమేమిటని కొందరికి వింతగా తోచవచ్చును. గ్రంథాలయమనగా కావ్యములు, పురాణములు, పత్రికలు మాత్రమే కాదు. ఇంటి పొయ్యిమీద ఏమి ఉడుకుచున్నది, అది ఎవరి విస్తరిలో ఎంత పడుచున్నది అని తెలిసికొనుటయు విద్యయే. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”లో రాజుల యుద్ధములకంటె ప్రజల తిండికి, బట్టకు, ఆటపాటలకే పెద్దపీట వేసిరి. ఆ త్రోవలో చూచినచో ఈ విషయము ఈ సభకు తగినదే యగును.

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో “కూర” అను మాటకు ఒక ప్రత్యేకార్థము కలదు. పండుగనాడు పొరుగింటివారు “కూర తెచ్చినారా?” అని యడిగినచో ఆ ప్రశ్న వంకాయను గూర్చినది కాదు. కోయుటకు తెచ్చిన గొర్రెనో మేకనో ఇచ్చటివారు యాట యందురు. 2014లో భారత ప్రభుత్వము జరిపిన నమూనా నమోదు సర్వే ప్రకారము తెలంగాణమున 15 ఏండ్లు నిండినవారిలో నూటికి 98.7 మంది మాంసము తినువారు. దేశమున ఏ పెద్ద రాష్ట్రమునందును ఇంతటి లెక్క కానరాలేదు. 2017 జూన్ 20వ తేదీన కొండపాకలో గొర్రెల పంపిణీ పథకము ప్రారంభింపబడినది. గొల్ల, కురుమ కుటుంబములకు 20 గొర్రెలను, ఒక పొట్టేలును నూటికి 75 వంతుల రాయితీపై ఇచ్చుట దాని యేర్పాటు. 2019 నాటి పశుగణనలో తెలంగాణమున 190 లక్షలకు పైగా గొర్రెలు లెక్కకు వచ్చి, రాష్ట్రము దేశమున మొదటి స్థానము నందెను.

ఇక రెండవ లెక్క వినవలెను. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత కలదని తేల్చినది. ఐదేండ్లలోపు పసివాండ్రలో నూటికి 70 మందికి అదే లోపము. నూటికి 98 మంది కూర తిను నాట సగమునకు మించిన తల్లులకు ఒంట రక్తము చాలకుండుట యెట్లు? రక్తహీనతకు నులిపురుగులు, మలేరియా, వెంటవెంటనే కాన్పులు, ఆకుకూరల లోటు మొదలగు కారణము లనేకము. అయినను కూర విషయమున ఒక మాట స్పష్టము. మాంసము తినువారందురే గాని, ఎన్ని దినముల కొకసారి తినుచున్నారో, ఎంత తినుచున్నారో, ఏ భాగము ఎవరికి దక్కుచున్నదో ఆ మొదటి లెక్క చెప్పదు. ఈ ప్రసంగమునకు మూలమైన ప్రశ్న యిదియే.

యాటలోని భాగములన్నియు ఒకే గుణము కలవి కావు. పూర్వులు దీనిని పట్టికలు లేకయే గ్రహించినట్లు పోగు పద్ధతి చెప్పుచున్నది. దసరాకో, బోనములకో, పోచమ్మ పండుగకో నాలుగైదిండ్లవారు కలిసి ఒక యాటను కొని కోయింతురు. మోదుగాకులు పరచి కూరను పోగులుగా వేయుదురు. ప్రతి పోగులోను తొడకూర కొంత, పక్కబొక్కలు కొన్ని, కార్జము ఒక తునక, బోటి కొంత, కొవ్వు కొంత పడవలెను. ఒక పోగులో కార్జము తక్కువైనచో అచ్చటనే మాట లేచును. పెద్దమనిషి మరల సరిచేయును. ఒక యాట పోషకబలము ఇంటింటికి సమముగా పంచబడుటకు ఇంతకంటె చక్కని త్రాసు లేదు. నేడు అంగడిలో కండ వేరు, కార్జము వేరు, కాళ్ళు వేరు, తల వేరుగా తూచి అమ్ముచున్నారు. కనుక కొనువానికి ఏ భాగము ఏపాటిదో తెలియుట ముఖ్యమైనది.

ఈ విషయమున ఆధారము హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని శోధించుటకు నెలకొల్పిన చిన్న ప్రయోగశాల దీనికి మూలము. అది 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో ఇప్పటి పేరు పొందినది. డాక్టరు సి. గోపాలన్ మొదలగువారు కూర్చిన భారతీయాహారముల పోషక విలువల గ్రంథము ఇండ్లకు, బడులకు, ఆసుపత్రులకు మార్గదర్శకమైనది. 2017లో ఈ సంస్థ ప్రకటించిన క్రొత్త పట్టికలలో మేక, గొర్రెల జబ్బ, తొడ, నాలుక, మెదడు, గుండె, కార్జము, మూత్రపిండములు మొదలగు భాగములను వేరువేరుగా పరీక్షించి చూపిరి.

మొదట కండను చూతురు గాక. కొవ్వు తీసిన మేక కండ 100 గ్రాములలో మాంసకృత్తులు 21.4 గ్రాములు, కొవ్వు 3.6 గ్రాములు, దాని శక్తి 118 క్యాలరీలు. సాధారణముగా అమ్మెడు గొర్రె కండలో మాంసకృత్తులు 18.5 గ్రాములు, కొవ్వు 13.3 గ్రాములు, శక్తి 194 క్యాలరీలు. కొవ్వు పెరిగినకొలది అదే బరువులో మాంసకృత్తులు తగ్గునని ఈ రెండు లెక్కలు చెప్పుచున్నవి. తొడ, జబ్బ జంతువు నడకలో పాటుపడు భాగములు. వానిలో కొవ్వు తక్కువ, నరములు పొరలు ఎక్కువ. అందుచే నింపాదిగా ఉడుకవలెను. వెన్ను కండ మెత్తనిది, త్వరగా ఉడుకును. పక్కబొక్కల వద్ద కొవ్వు హెచ్చు, రుచియు హెచ్చే. కాని తూకమున బొక్క బరువు కలియుటచే కిలోకు దక్కు కండ తగ్గును. ఉదాహరణకు కిలోలో పావు వంతు బొక్క యున్నచో తినుటకు మిగులునది ముప్పావు కిలోయే. మెత్తదనమును బట్టి ధర పలుకవచ్చును గాని మాంసకృత్తుల విషయమున గట్టి తొడకూర మెత్తని వెన్నుకూరకు తీసిపోదు.

55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెనని 2020 నాటి ప్రమాణము. నూరు గ్రాముల కండ అందులో సగమునకు దగ్గరగా ఇచ్చును. పప్పులో మాంసకృత్తులు లేకపోలేదు. కాని శరీరము తానై తయారుచేసికొనలేని ఆమ్లము లన్నియు తగిన పాళ్ళలో ఉండుట, సులువుగా జీర్ణమగుట మాంసమునకు గల విశేషము. మాంసము తినని సోదరులు పప్పును బియ్యముతోగాని జొన్నలతోగాని కలిపి, పాలు పెరుగుతో తీసికొని ఆ కొరతను చాలవరకు తీర్చుకొనవచ్చును.

ఇక కార్జము. గొర్రె కార్జము 100 గ్రాములలో మాంసకృత్తులు 19.3 గ్రాములు, అనగా కండతో సమానము. ఇనుము కండలో 2.5 మిల్లిగ్రాములు కాగా కార్జములో 6.3. విటమిను ఎ 6,690 మైక్రోగ్రాములు. మనిషికి దినమునకు రెండు మూడు మైక్రోగ్రాములు చాలు బి12 విటమిను ఇందులో 90 మైక్రోగ్రాముల వరకు కలదు. కార్జము చిన్న తునక యైనను పోగులో దానికై మాట లేచుట వట్టి రుచికొరకే కాదన్నమాట.

కార్జము మహిమను లోకము గుర్తించిన చరిత్రలో ఒక తెలుగువాని పేరు చేరియున్నది. 1926లో అమెరికాలో మైనాటు, మర్ఫీ అను వైద్యులు అప్పటివరకు మృత్యువే శరణ్యమైన ఒక రక్తక్షయ వ్యాధిగ్రస్తులకు ప్రతిదినము కార్జము తినిపించి బ్రదికించిరి. అంతకు ముందు విపుల్ అను శాస్త్రజ్ఞుడు కుక్కలపై జరిపిన పరిశోధన వారికి దారి చూపినది. 1934లో ఈ మువ్వురికి నోబెల్ బహుమానము లభించెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను గ్రహణి వ్యాధికి ఇద్దరు సోదరులను పోగొట్టుకొని, తాముకూడ దాని బారిపడి బయటపడినవారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందము కార్జమునుండి ఫోలిక్ ఆమ్లమును వేరుపరచి, 1945లో దానిని కృత్రిమముగ తయారుచేయు విధమును ప్రకటించెను. నేడు గ్రామములలో ఆశా కార్యకర్తలు గర్భవతుల కిచ్చు ఇనుము మాత్రలో కలిసియున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. కార్జములోని గుణము నొకదానిని చిన్న మాత్రలో ఇమిడ్చినవాడు తెలుగుబిడ్డ యని విద్యార్థులు గుర్తుంచుకొనదగును.

తక్కిన అవయవములలో గుండె, మూత్రపిండములు కండకు తీసిపోనివి. అమెరికా వ్యవసాయశాఖ పట్టికలలో గొర్రెపిల్ల గుండెకు 16, మూత్రపిండములకు 15 గ్రాములకు మించి మాంసకృత్తులు చూపబడినవి. ఇనుము కండకంటె రెట్టింపునకు తక్కువ కాదు. అంగళ్ళలో తిల్లి యనబడు ప్లీహములో ఇనుము 40 మిల్లిగ్రాములకు పైగా నుండును. ధర చూచిన అది మిగుల చౌక. రక్తమును గడ్డకట్టించి వండెడి నల్లలోను ఇనుము సమృద్ధియే. బోటిలో మాంసకృత్తులు కండకంటె తక్కువ. కడుగుటలో శ్రద్ధ మాత్రము ఎక్కువ కావలెను. మెదడులో మాంసకృత్తులు 10 గ్రాములే. కొలెస్టెరాలు 1,300 మిల్లిగ్రాములు దాటును. పిల్లలకు మెదడు పెట్టిన తెలివి పెరుగునను మాటకు ఆధారము లేదు.

కాళ్ళ చారును గూర్చి కొంచెము వివరింపవలెను. విరిగిన బొక్క అతుకుకొనుటకు, బాలింతకు బలము వచ్చుటకు కాళ్ళు గాని తలకాయ గాని ఉడికించి చారు త్రాగించుట ఇచ్చటి ఆచారము. చారు వేడిగా, రుచిగా ఉండి ఆకలి పుట్టించును, నీరసించినవారికి హితమే. కాని కాళ్ళలో ముఖ్యముగ నున్నది కొల్లాజెను. అది ఉడికి బంకగా మారును. దానిలో ట్రిప్టోఫాను అను అత్యవసర ఆమ్లము లేదు. కనుక అది పూర్ణమైన మాంసకృత్తు కాదు. బొక్కలోని సున్నము నీటిలోనికి దిగుట బహు స్వల్పము. పందొమ్మిదవ శతాబ్దిలో లీబిగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మాంసరసమును చిక్కబరచి సీసాలలో నింపి, అదియే మాంస సారమని ప్రచారము చేసెను. ఆ రసములో రుచియే గాని మాంసకృత్తుల బలము లేదని తరువాతి పరీక్షలలో తేలెను. ఈ దృష్టాంతము గృహిణులకు ఉపయోగించును. బాలింతకు చారు పోసి కండ ఇతరులకు వడ్డించినచో బాలింతకు దక్కినది వాసన మాత్రమే. చారుతోపాటు నాలుగు తునకలు కూడ ఆమె విస్తరిలో పడవలెను.

ఎండు తునకల సంగతి వేరు. పండుగ మిగులు కూరను సన్నని పొడుగు తునకలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెమున ఎండగట్టుట ఈ ప్రాంతమున చిరకాలపు అలవాటు. పచ్చి కండలో నాలుగింట మూడు పాళ్ళు నీరే. ఎండగా బరువు మూడవ వంతునకు దిగును. మాంసకృత్తులు, ఇనుము నిలుచును. అందుచే పిడికెడు వట్టి తునకలు గుప్పెడు పప్పులో పడిన ఇంటిల్లిపాదికి బలము. అయితే ఉప్పు హెచ్చు గనుక రక్తపుపోటు కలవారు మితము పాటింపవలెను.

గేదె, దున్నల మాంసము అనగా పెద్దకూర కొవ్వు తీసినది 100 గ్రాములలో మాంసకృత్తులు 19.4 గ్రాములు, కొవ్వు 0.9 గ్రాము, శక్తి 86 క్యాలరీలు. ధరలో తక్కువ, బలములో మేక కండకు సాటి. తరతరములుగా దీనిని తిను కుటుంబములను చిన్నచూపు చూచుట లోకమున కలదు. పోషకశాస్త్రమున మాత్రము ఆ చూపునకు తావు లేదు; త్రాసు కులము నడుగదు. కోడిలో రొమ్ము తెల్లని కండ, తొడ ఎఱ్ఱని కండ. ఎల్లప్పుడు నడుచు కాలికి ప్రాణవాయువును నిలువచేయు ఎఱ్ఱని పదార్థము కావలెను. ఇనుము కలది అదియే. కనుక రొమ్మున మాంసకృత్తులు ఒకటి రెండు గ్రాములు హెచ్చయినను ఇనుము తొడలో హెచ్చు. కోడి కార్జము, కందనకాయ చౌకగా దొరకు బలమైన ఆహారములు. కోడి కార్జములో ఫోలిక్ ఆమ్లము గొర్రె కార్జముకంటెను ఎక్కువ.

ఇనుము లెక్కలో ఇంకొక మర్మము కలదు. ఆకుకూరలలో, గింజలలో నుండు ఇనుమును శరీరము కొద్దిగానే గ్రహించును. మాంసములోని హీము అను రూపమున నున్న ఇనుమును అంతకు పలు రెట్లు గ్రహించును. అంతేకాదు, కొంచెము మాంసము కలిసినచో అదే భోజనములోని ఆకుకూర, పప్పుల ఇనుము కూడ బాగుగ వంటబట్టును. పుంటికూరలో మాంసము, పప్పు మాంసముల దాల్చా – ఇవి రుచికై పుట్టినను శాస్త్రమునకు ఒప్పిన వంటకములు. పైన నిమ్మకాయ పిండిన ఇంకను మేలు. తిన్న వెంటనే తేనీరు త్రాగిన ఆ మేలు తగ్గును. ఒక స్త్రీకి దినమునకు ఇనుము 29 మిల్లిగ్రాములు, పురుషునికి 19 మిల్లిగ్రాములు కావలెనని 2020 ప్రమాణము. అనగా ఇంటిలో ఇనుము హెచ్చుగా కావలసినది స్త్రీకే.

ఇచ్చటనే అసలు సంగతి యున్నది. ఆకులమీద పోగులు సమముగా పడును. అదే పోగు ఇంటిలోనికి వచ్చి కుండలో ఉడికిన పిదప ఆ సమత్వము నిలుచుచున్నదా? మొదటి వడ్డన ఇంటి పెద్దకు, అల్లునికి; కార్జము కొడుకునకు; తొడ చుట్టమునకు. జగిత్యాల, కోరుట్ల, నిర్మల ప్రాంతములలో పొద్దుగూకువరకు చాటముందు బీడీలు చుట్టి లేచిన తల్లికి కుండ అడుగున మిగిలిన పులుసు, రెండు బొక్కలు. ఆమె దానిని త్యాగమనికూడ తలపదు, ఆచారమనుకొనును. ఆదిలాబాదు కొండలలో గోండు, కొలాము పల్లెలలో వేలుపులకు మేకను బలియిచ్చి కలిసి భుజించు సంప్రదాయము నేటికిని కలదు. కాని 1972 వన్యప్రాణి రక్షణ చట్టము తరువాత వేట నిషిద్ధము. కూర పండుగలకు పరిమితమైనది. ఆ అరుదైన దినమున గర్భవతి విస్తరిలో ఏమి పడినదన్నది చిన్న ప్రశ్న కాదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము గర్భవతుల రక్తహీనత నివారణకై తొమ్మిది జిల్లాలను ఎంచి పోషకాహారపు పొట్లముల పంపిణీ నారంభించినప్పుడు, అందు ఆదిలాబాదు, కుమురం భీము ఆసిఫాబాదు జిల్లాలు రెండును చేరియుండెను.

బలము చెప్పినప్పుడు మితమును కూడ చెప్పవలెను. గర్భవతులకు రక్తము పట్టునని దినదినము కార్జము పెట్టరాదు. విటమిను ఎ దినమునకు 3,000 మైక్రోగ్రాములు మించిన గర్భస్థ శిశువునకు కీడు కలుగవచ్చును. 50 గ్రాముల కార్జములోనే అంతకు మించి యుండును. వారికి తొడకండ, గ్రుడ్లు, ఆకుకూరలు, వైద్యు లిచ్చు మాత్ర – ఇవి క్షేమకరము. కీళ్ళవాతములో యూరిక్ ఆమ్లము హెచ్చినవారు కార్జము, మూత్రపిండములు మానవలెను. 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఉప్పువేసి, పొగబెట్టి నిలువచేసిన మాంసమును క్యాన్సరు కారకముల వర్గమునను, ఎఱ్ఱ మాంసమును కారకము కావచ్చునను వర్గమునను చేర్చినది. వండిన ఎఱ్ఱ మాంసము వారమునకు 350 నుండి 500 గ్రాములు మించరాదని ప్రపంచ క్యాన్సరు పరిశోధన నిధివారి హితవు. ఒకే ఇంట ఈ హద్దు దాటువాడొకడు, దాని దరికైన చేరని స్త్రీ ఒకతె ఉండుట విచారకరము. ఇద్దరి ఆరోగ్యమునకు మందు ఒక్కటే – వడ్డన మార్చుట. రోగముతో చచ్చిన జీవాలను కోయుటగాని తినుటగాని కూడదు. దొమ్మరోగము మనుష్యులకు సోకి ప్రాణము తీయగలదు.

సభాసదులారా! ఈ ప్రసంగ సారాంశము మూడు మాటలలో చెప్పవచ్చును. ధర హెచ్చిన భాగమే బలమైన భాగమని భ్రమపడరాదు. చారు కండకు బదులు కాదు. రక్తము ఎవరికి చాలదో కార్జము, కండ వారి విస్తరిలో మొదట పడవలెను; గర్భవతికి మాత్రము కార్జమునకు మారుగా కండయే పడవలెను.

పోగు వేయునప్పుడు ఊరిపెద్ద చూపు న్యాయమును ఇంటి ఇల్లాలు గరిట పట్టినప్పుడు తనకును చూపుకొనవలెను. ఆమె చూపుకొనకున్న ఇంటివారు చూపవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను బీదధనిక భేదము లేక అందరికి సమముగ పంచినది. విద్య నట్లు పంచనేర్చిన ఊరికి కూరను పంచుట కష్టము కాదు. ఈ విజ్ఞాన మందిరము ఇట్లే వర్ధిల్లి స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఈ ఊరి తల్లులలో రక్తహీనత అను మాట నిఘంటువులో మాత్రమే మిగులుగాక!